ఆరు రోజులు తక్కువ: రొయ్యల కర్మాగారాల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల రొయ్యల శుద్ధి కర్మాగారాల యజమానులకు, మేనేజర్లకు, వాటికి మనుషులను తెచ్చే కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

నేను పదకొండేళ్లు మీలాంటి ఒక కర్మాగారంలో టైమ్ కీపర్‌గా పనిచేశాను. తెల్లవారకముందే హైవే దిగి వచ్చే వ్యాన్లలోంచి ఆడవాళ్లు దిగుతుంటే, గేటు పక్క గదిలో కూర్చుని ఒక్కొక్కరి పేరు ఎదుట గీత పెట్టేవాణ్ణి. నెల తిరిగాక ఆ గీతలన్నీ కూడి జీతాల పట్టీ రాసేవాణ్ణి. ఆ తరువాత కంప్యూటర్ ముందు కూర్చుని ఈఎస్ఐ, అంటే కార్మికుల, యజమానుల చందాలతో నడిచే ఉద్యోగుల బీమా పథకం, చలానా కోసం వివరాలు ఎక్కించేవాణ్ణి. ఈ లేఖ ఆ మూడో పని గురించి. మీకు కోపం తెప్పించడానికి రాయడం లేదు. మీలో చాలామందికి ఆ పట్టీ ఎలా తయారవుతుందో తెలియదని నమ్ముతున్నాను. తెలిసినవారు ఉంటే, వారికి ఇది ఇంకా ముఖ్యం.

ఈఎస్ఐ పోర్టల్‌లో ప్రతినెలా నింపాల్సిన పట్టీలో ఎక్కువ గడులు లేవు. కార్మికురాలి పది అంకెల బీమా నంబరు, పేరు, ఆ నెలలో ఎన్ని రోజులకు వేతనం చెల్లించారు, మొత్తం వేతనం ఎంత, పని దినాలు సున్నా అయితే కారణం, మానేస్తే చివరి పని దినం. అంతే. మీ ఆడిటర్లు వేతనం గడిని చూస్తారు, ఎందుకంటే డబ్బు దాని మీద లెక్క కడతారు. రోజుల గడి వైపు ఎవరూ చూడరు. కార్మికురాలి హక్కు మొత్తం ఆ గడిలోనే ఉంది.

చట్టం చెప్పేది ఇది. అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఒక చందా కాలం. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మరొకటి. ఒక చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటేనే, దానికి జతగా వచ్చే ఆరు నెలల ప్రయోజన కాలంలో అనారోగ్య భృతి వస్తుంది. డాక్టరు విశ్రాంతి రాసిచ్చిన రోజులకు సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదిలో 91 రోజుల వరకు చెల్లిస్తారు. 78ని ఆరు నెలలకు పంచితే నెలకు 13 రోజులు. రొయ్యల షెడ్డులో ఏడాది పొడవునా నిలబడే మనిషికి అది పెద్ద లెక్కే కాదు. ఎంత పని తక్కువ ఉన్న నెలలోనైనా పదమూడు రోజులు దాటుతాయి.

మా కర్మాగారంలో అందరికీ 12 వేసేవాళ్లం.

వేసింది నేనే. మేనేజరు చెప్పారు, నేను ఎక్కించాను. నెలకు సగటున 24 రోజుల పని ఉండేది. అందులో సగం చూపించు, చందా సగానికి తగ్గుతుంది అన్నారు. 24లో సగం 12. ఆ పన్నెండుకూ పదమూడుకూ నడుమ ఒక మనిషి రెండు నెలల తిండి ఉందని అప్పుడు నాకు తెలియదు. తెలుసుకోవలసిన కుర్చీలో కూర్చుని తెలుసుకోలేదు. ఆ తప్పు నాది, దాన్ని ఎవరి మీదికీ నెట్టను.

తెలిసింది 2022 సెప్టెంబరులో. మా దగ్గర తొమ్మిదేళ్లుగా రొయ్యలు ఒలిచే ఒక అక్క ఉండేది. పేరు రాయను, ఆమె ఇప్పటికీ ఈ పనిలోనే ఉంది. చేతివేగం చూడటానికి కొత్తగా చేరినవాళ్లను ఆమె టేబుల్ దగ్గర నిలబెట్టేవారు. జులై చివర్లో ఒకరోజు తల తీస్తుండగా రొయ్య ముల్లు కుడిచేతి చూపుడువేలి గోటి పక్కన దిగింది. ముల్లు దిగడం రోజూ జరిగేదే కనుక ఎవరూ పట్టించుకోలేదు, ఆమె కూడా పట్టించుకోలేదు. క్లోరిన్ నీళ్లలో చేయి ముంచి మళ్లీ ఐసు ట్రేలో పెట్టింది. నాలుగో రోజుకు వేలు వంకాయలా అయింది. వారానికి చీము మణికట్టు దాకా పాకింది. ఆసుపత్రిలో కోసి శుభ్రం చేశారు, గోరు తీసేశారు. యాభై ఎనిమిది రోజులు ఆమె ఆ చేత్తో అన్నం కలుపుకోలేదు.

ఆ రోజుల్లోనే రొట్టెల పండగ వచ్చింది. కట్టు కట్టిన చేత్తోనే నెల్లూరు స్వర్ణాల చెరువుకు వెళ్లి, ఆరోగ్యం బాగుపడాలని కోరుకుంటూ ఆరోగ్య రొట్టె పట్టుకుని వచ్చానని తరువాత చెప్పింది. ఎడమచేత్తో పట్టుకోవలసి వచ్చిందే అని బాధపడింది.

సెప్టెంబరు చివర్లో ఆమె టైమ్ ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది. డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయంలో ఇచ్చి వచ్చింది. అక్కడ ఒక చీటీ మీద 72 అని రాసి ఇచ్చారు. ఆ చీటీ కిటికీలోంచి నా ముందు పెట్టి అడిగింది.

"డెబ్బై ఎనిమిది ఉండాలని చెప్పారు బాబూ. నాకు డెబ్బై రెండే ఉన్నాయని, ఆరు రోజులు తక్కువని అన్నారు. నేను ఎప్పుడు మానేశాను?"

చంకలోని ప్లాస్టిక్ సంచిలోంచి చుట్టచుట్టిన గోడ క్యాలెండరు తీసింది. కొత్త సంవత్సరానికి కిరాణా కొట్టువాళ్లు ఇచ్చే క్యాలెండరు. పనికి వచ్చిన ప్రతి తేదీ చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ముందు ఏడాది క్యాలెండరులోంచి చివరి మూడు కాగితాలు చింపి దానికే దారంతో కుట్టుకుంది. కిలోల లెక్కన కూలి కాబట్టి, తేదీ కింద సన్నగా ఎన్ని కిలోలో కూడా రాసుకుంది. సంక్రాంతి మూడు రోజులు, కూతురి కాన్పుకు వెళ్లిన వారం, జ్వరం వచ్చిన రెండు రోజులు, వారాంతపు సెలవులు, ఇవి తప్ప మిగతా తేదీలన్నిటికీ సున్నాలే. నేను కూర్చుని అక్టోబరు నుంచి మార్చి దాకా లెక్కపెట్టాను. నూట నలభై మూడు.

నా హాజరు పుస్తకం తీశాను. అందులోనూ నూట నలభై మూడే. చలానాలో మాత్రం డెబ్బై రెండు.

ఇప్పుడు డబ్బు లెక్క చెబుతాను. చిల్లర సవరింపులు పక్కన పెట్టి, సులువుగా ఉండటానికి రోజు కూలి 400 అనుకుందాం. 143 రోజులకు వేతనం 57,200 రూపాయలు. 2019 జులై నుంచి కార్మికుల వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆమె జీతంలోంచి పూర్తి వేతనం మీద కోసిన వాటా 429 రూపాయలు. యాజమాన్యం తన వైపు నుంచి కట్టాల్సింది 1,859. కానీ పోర్టల్‌లో చూపింది 72 రోజులు, 28,800 రూపాయల వేతనం. దాని మీద ఇద్దరి వాటాలూ కలిపి కట్టింది 1,152. అందులో 429 ఆమె డబ్బే. అంటే యాజమాన్యం జేబులోంచి వెళ్లింది 723 రూపాయలు. ఆరు నెలలకు మిగుల్చుకున్నది 1,136 రూపాయలు.

ఆమె పోగొట్టుకున్నది చూడండి. రోజుకు 280 రూపాయల లెక్కన, మొదటి రెండు రోజులు నిరీక్షణ కింద తీసేసినా, 56 రోజులకు 15,680 రూపాయలు. నిజానికి ఇంకా ఎక్కువ. అది పనిలో తగిలిన గాయం. గాయానికి 78 రోజుల నిబంధన లేదు, చేరిన మొదటి రోజు నుంచే హక్కు ఉంటుంది, అది కూడా వేతనంలో 90 శాతం చొప్పున. ప్రమాదాల రిజిస్టరులో ఆ రోజు ఒక్క వాక్యం రాసి, నివేదిక పంపి ఉంటే ఇరవై వేలు దాటి వచ్చేవి. మేం రాయలేదు. ముల్లు గుచ్చుకోవడాన్ని ప్రమాదమని ఎవరు రాస్తారు అన్నారు. ఆ మాట అన్నవారి వేలు ఎప్పుడూ ఐసు నీళ్లలో నాని ఉండదు.

పదకొండు వందల కోసం ఇదంతా చేశాం. ఆమె నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు అప్పు తెచ్చింది. అది తీరడానికి ఏడాదిన్నర పట్టింది.

మీ కర్మాగారాల్లో దేన్ని ఎంత శ్రద్ధగా రాస్తారో నాకు తెలుసు. వచ్చిన సరుకు ఏ చెరువుదో, ఏ రోజు పట్టిందో, మందుల అవశేషాల పరీక్ష ఏమి చెప్పిందో, కౌంటు ఎంతో, ఏ టేబుల్ మీద ఒలిచారో, గడ్డకట్టించేటప్పుడు ఉష్ణోగ్రత ఎంత ఉందో, అన్నీ పుస్తకాల్లో ఉంటాయి. శీతల గిడ్డంగి సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉందో లేదో వేళకు చూసి సంతకం పెడతారు. అమెరికాలోనో యూరప్‌లోనో ఒక పెట్టె మీద అనుమానం వస్తే, దాని మీది కోడ్ పట్టుకుని వెనక్కి నడిచి పెన్నా ఒడ్డునో, గుండ్లకమ్మ ఒడ్డునో ఉన్న ఆ చెరువు గట్టు దాకా రాగలరు. అది గొప్ప పని. ఈ ప్రాంతం పేరు నిలబెట్టిన పని. ఆ పెట్టె నింపిన మనిషి ఆ నెలలో ఎన్ని రోజులు పనిచేసిందో రాయడానికి అంతకంటే చాలా తక్కువ శ్రమ చాలు. గేటు దగ్గర గీతలు ఉండనే ఉన్నాయి. ఆ అంకెను ఉన్నది ఉన్నట్టు ఎక్కించడమే మిగిలింది.

మీరు చెప్పే సమాధానాలు నేను విన్నవే. నేను కూడా ఆ కిటికీ వెనక నుంచి చెప్పినవే.

ఆడవాళ్లే కోత వద్దంటున్నారు అంటారు. నిజమే, అంటారు. నెలకు డెబ్బై రూపాయల కోత కోసం నాతో గొడవ పడినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఇన్నేళ్లలో కోత కనిపించింది గానీ భృతి కనిపించలేదు. పక్క టేబుల్ మనిషికి ప్రసవానికి 26 వారాల పూర్తి వేతనం బ్యాంకు ఖాతాలో పడటం ఒక్కసారి చూస్తే, రోజుకు 400 మీద అది 72,800 రూపాయలు, ఆ తరువాత ఎవరూ కోత వద్దనరు. అయినా చేరాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టానికీ మీ ఇష్టానికీ వదిలిన విషయం కాదు. పదిమంది, అంతకు మించి పనిచేసే కర్మాగారంలో నెలకు 21,000 లోపు వేతనం ఉన్న ప్రతి ఒక్కరికీ చట్టం వర్తిస్తుంది. కిలోల లెక్కన కూలి అయినా, రోజు కూలి అయినా ఒకటే.

వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మా మస్టరులో లేరు అంటారు. మీ ఆవరణలో, మీ సరుకు మీద, మీ సూపర్‌వైజరు కంటి ముందు పనిచేసే మనిషికి చందా కట్టవలసిన మొదటి బాధ్యత మీదే. కట్టాక కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవడం మీకూ ఆయనకూ మధ్య లెక్క. మీ వాటాను కార్మికురాలి కూలిలోంచి తీయడానికి మాత్రం ఏ ఒప్పందమూ చెల్లదు. నాలుగు శాతం మొత్తం ఆమె కూలిలోంచే కోసే కాంట్రాక్టర్లను నేను చూశాను. ఈ లేఖ వారికి కూడా రాస్తున్నది అందుకే.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అనే మాట కూడా తరచుగా వింటాం. ఎన్టీఆర్ వైద్యసేవ అనండి, ఆరోగ్యశ్రీ అనండి, అది ప్రజల పన్నులతో నడిచే పథకం. దాని వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ మీరు కట్టవలసిన చందాకు అది బదులు కాదు. చేయి పనికిరాక ఇంట్లో కూర్చున్న రోజులకు కూలి ఎవరిస్తారు? పనిలో ప్రాణం పోతే భార్యకో పిల్లలకో నెలనెలా వచ్చే ఆశ్రితుల భృతి ఎవరిస్తారు? ఈఎస్ఐ పెట్టిందే అందుకు. 1948లో చట్టం చేసి, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పథకాన్ని మొదలుపెట్టినప్పటి నుంచి దాని ఉద్దేశం వైద్యంతో పాటు ఆగిపోయిన కూలిని కూడా నిలబెట్టడం.

ఇక అమెరికా సుంకాలు. 2025 ఆగస్టులో సుంకం 50 శాతానికి చేరినప్పుడు కర్మాగారాలు ఎంత ఇబ్బంది పడ్డాయో ఈ జిల్లాల్లో అందరం చూశాం. చెరువు రైతు ఏడ్చాడు, ఐసు ఫ్యాక్టరీ ఆగింది, వ్యాన్లు తగ్గాయి. ఆ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ నేను చెబుతున్న పన్నెండు రోజుల లెక్క సుంకాలు రాకముందుది. మార్కెట్ బాగున్న ఏళ్లలోనూ పన్నెండే వేశాం. కష్టకాలంలో కరెంటు బిల్లు సగం కట్టమని మనల్ని ఎవరూ అనలేదు, మనమూ కట్టకుండా ఉండలేదు.

అన్ని కర్మాగారాలూ ఇలాగే ఉన్నాయని నేను అనడం లేదు. నిజాయితీగా రోజుకు రోజు చూపించే యాజమాన్యాలు ఈ రెండు జిల్లాల్లో ఉన్నాయి. గర్భిణిని నిలబెట్టకుండా ప్యాకింగ్‌లో కూర్చునే పనికి మార్చే సూపర్‌వైజర్లు నాకు తెలుసు. వారికి ఈ లేఖలోని ఏ మాటా తగలదు. తగలనివారు తమ పక్క యజమానికి చెప్పాలి. సక్రమంగా కట్టేవారి మీద కట్టనివారు ధరలో గెలుస్తున్నారు. ఆ నష్టం మీదే.

చట్టం సంగతి ఒక్కసారి స్పష్టంగా చెప్పుకుందాం. 2025 నవంబరు 21 నుంచి ఈఎస్ఐ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారింది కదా, కొంతకాలం ఎవరూ అడగరులే అనే మాట కొన్ని ఆఫీసుల్లో వినిపిస్తోంది. కార్మికుల జీతంలోంచి కోసిన వాటాను జమ చేయకపోతే పాత చట్టంలో కనీసం ఏడాది, గరిష్ఠంగా మూడేళ్లు జైలు ఉండేది. కొత్త కోడ్‌లోనూ అంతే ఉంది. పది వేలుగా ఉన్న జరిమానా లక్ష రూపాయలైంది. ఆమె దగ్గర 429 కోసి 216 జమ చేసినప్పుడు మిగిలిన 213 రూపాయలు ఏ కోవలోకి వస్తాయో మీ న్యాయవాదిని అడగండి. 2025 జులైలో ఈఎస్ఐ కార్పొరేషన్ స్ప్రీ పేరుతో ఒక అవకాశం కూడా ఇచ్చింది. అంతకుముందు నమోదు కానివారు పాత బకాయిల భయం లేకుండా చేరవచ్చని చెప్పింది. అంతటి వెసులుబాటు వచ్చినప్పుడు కూడా బయట ఉండిపోయిన వ్యాపారానికి, నాకు తెలియలేదు అనే మాట ఇక మిగలలేదు.

గాయాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే షెడ్డులో అసలు బాధ అక్కడే ఉంది. పొద్దున్నే చేతులకు తొడిగిన పలుచటి గ్లౌజు పదిగంటలకల్లా ముల్లు తగిలి చిరుగుతుంది. రెండో జత అడిగితే సూపర్‌వైజరు లెక్క అడుగుతాడు. చిరిగిన గ్లౌజులో చేరిన ఐసు నీరు బయటికి పోదు. సాయంత్రానికి వేళ్లు తెల్లగా ముడతలు పడి, గోళ్ల మొదళ్లలో చర్మం విడిపోతుంది. గోటిచుట్టు లేని చేయి పీలింగ్ టేబుల్ దగ్గర కనిపించడం అరుదు. ఇంటికి వెళ్లి వేడి అన్నం కలుపుకుంటే మంట పుట్టి కళ్లలో నీళ్లు తిరుగుతాయని, అందుకే చల్లారాక తింటామని చెప్పేవారు. పగటి భోజనం చల్లటి డబ్బాలోది, రాత్రి భోజనం చల్లారబెట్టుకున్నది. తడి నేల మీద గంబూట్లతో పొద్దస్తమానం నిలబడటం వల్ల మోకాళ్లు, నడుము పోతాయి. నిలబడి పనిచేసేవారికి వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మా షెడ్డులో స్టూళ్లు ఉండేవి. కొనుగోలుదారు తరఫు తనిఖీ ఉన్న రోజు గోడౌనులోంచి బయటికి వచ్చేవి. ఆ రోజే ప్రథమ చికిత్స పెట్టెలో దూదీ మందూ నిండేవి, గ్లౌజులు అడగకుండానే దొరికేవి. తనిఖీ వాళ్లు వెళ్లిన మర్నాడు ఒక చిన్న పిల్ల, కొత్తగా పెళ్లయి వచ్చింది, నన్ను అడిగింది. "వాళ్లు మళ్లీ ఎప్పుడు వస్తారన్నా?"

పెద్ద ప్రమాదం జరిగితే ఇంకో పద్ధతి. అమ్మోనియా లీకై గొంతు పట్టేసినా, కన్వేయరులో చేయి పడినా, మేనేజరు కారులో ఊళ్లోని ప్రైవేటు వైద్యుడి దగ్గరికి తీసుకెళతారు. బిల్లు కడతారు, చేతిలో రెండు మూడు వేలు పెడతారు. అందరూ యాజమాన్యం మంచిదంటారు. రిజిస్టరులో మాత్రం ఏమీ ఉండదు. ఆరు నెలల తరువాత చేయి వంగకపోతే శాశ్వత వైకల్యానికి జీవితాంతం రావలసిన భృతికి ఆధారం ఉండదు. నమోదే లేని మనిషికి ప్రమాదం జరిగిన సాయంత్రం హడావిడిగా ఆధార్ కార్డు తెప్పించి బీమా నంబరు తీయడం కూడా నేను చేశాను. ఆ నంబరు పుట్టిన తేదీ, గాయం తేదీ ఒకటే కావడం చూసిన అధికారి నా ముఖంలోకి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

గర్భిణుల సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఐదో నెల రాగానే "కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమ్మా, కాన్పయ్యాక రా" అంటారు. మాటలో ప్రేమే ఉంటుంది. ఆ నెల పట్టీలో ఆమె పేరు ఎదుట 'మానేసింది' అని పడుతుంది. ఏడాది తరువాత కొత్త మనిషిగా చేర్చుకుంటారు. ప్రసూతి సెలవులోనో అనారోగ్య భృతిలోనో ఉన్న మనిషిని తొలగించడం చెల్లదని చట్టం అంటుంది. అందుకే సెలవు దాకా రానివ్వరు.

నేను కోరేవి కొత్త వరాలు కావు. ఈ నెల చలానాకు ముందు మీరే, మేనేజరు కాదు, యజమాని స్థానంలో ఉన్న మీరే ఒక గంట కూర్చోండి. గేటు హాజరు పట్టీ ఒక పక్కన, పోర్టల్‌లో ఎక్కించిన పట్టీ మరో పక్కన పెట్టుకోండి. ఏ పది పేర్లయినా తీసుకుని రోజులు సరిచూడండి. తేడా ఉంటే పాత నెలలవి కూడా సరిచేసి, ఆలస్యానికి పడే ఏటా 12 శాతం వడ్డీతో కట్టేయండి. తనిఖీ అధికారి వచ్చి తేల్చే దాకా ఆగకండి. జీతంతో పాటు ప్రతి ఒక్కరికీ తెలుగులో చీటీ ఇవ్వండి. అందులో ఎన్ని రోజులు, ఎంత కూలి, ఎంత కోత, చలానాలో ఎన్ని రోజులు చూపారు అన్న నాలుగు అంకెలు చాలు. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవారికి వారి భాషలో చదివి చెప్పే మనిషిని పెట్టండి. కొత్త కార్మిక కోడ్‌లు ప్రతి కార్మికుడికీ నియామక పత్రం తప్పనిసరి చేశాయి, నలభై దాటినవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష చేయించాలన్నాయి. మీ షెడ్డులో నలభై దాటినవారు ఎంతమందో ఒకసారి చూడండి. గ్లౌజులకు లెక్క అడగడం మానేయండి. ముల్లు గుచ్చుకున్నా రిజిస్టరులో రాయించండి.

ఈఎస్ఐ అధికారులకు కూడా ఒక మాట. యజమాని చందా కట్టకపోవడం వల్ల కార్మికురాలు భృతి కోల్పోతే, కట్టి ఉండవలసిందని తేలినప్పుడు కార్పొరేషనే ఆమెకు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చని 1948 చట్టంలోనే ఉండేది. ఆ అక్క మీ కౌంటరు దగ్గరికి వచ్చిన రోజు ఆ మాట ఎవరైనా చెప్పి, తెల్లకాగితం మీద ఒక దరఖాస్తు రాయించి ఉంటే సరిపోయేది. 72 అని చీటీ రాసిచ్చిన చేయే అది కూడా రాయగలదు. మామూలు జబ్బుకు నెల్లూరు, ఒంగోలు డిస్పెన్సరీలు ఉన్నా, పెద్ద జబ్బంటే తిరుపతికో విజయవాడలోని గుణదలకో పొమ్మంటారు. నెల్లూరు నుంచి తిరుపతి ఆసుపత్రికి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు. అందుకే చందా కట్టే మనిషి కూడా ఊళ్లోని ప్రైవేటు వైద్యుడి దగ్గర ఆగిపోతోంది. ఈ దూరం తగ్గకపోతే యజమానులను నిలదీసే మా గొంతు కూడా బలంగా ఉండదు.

ఈ లేఖ చదివే అక్కచెల్లెళ్లకు, లేదా ఇంట్లో ఎవరో చదివి వినిపిస్తే వినేవారికి ఒకటి చెబుతాను. మీ బీమా నంబరు ఏమిటో రేపే అడగండి. పది అంకెలు ఉంటాయి. దానితో ఈఎస్ఐ వెబ్‌సైటులో మీ చందా వివరాలు నెలనెలా ఎన్ని రోజులు పడ్డాయో ఫోనులోనే చూడవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే ఐదు నిమిషాల పని. నెలకు పదమూడు కంటే తక్కువ కనిపిస్తే అప్పుడే అడగండి, జబ్బు వచ్చేదాకా ఆగవద్దు.

నేను ఆ ఉద్యోగం మానేసి మూడేళ్లు అవుతోంది. మానడానికి ముందు ఆ అక్క పట్టీ సరిచేయమని రెండుసార్లు రాసి ఇచ్చాను, జరగలేదు. నా దగ్గర మిగిలింది ఆమె క్యాలెండరు నుంచి నేను ఆ రోజు దించుకున్న కాగితం ఒక్కటే. అందులో 143 తేదీలు ఉన్నాయి. మీలో ఎవరైనా ఈ పని ఎలా మొదలుపెట్టాలని అడిగితే, హాజరు పట్టీలూ చలానాలూ సరిచూసి పెట్టడానికి ఎన్ని రోజులైనా వచ్చి కూర్చుంటాను. నాకు కూలి అక్కర్లేదు.

ఆమె ఇప్పుడు వేరే కర్మాగారంలో చేస్తోంది. మొన్న కలిసినప్పుడు ఈ ఏడాది క్యాలెండరు చూపించింది. సున్నాలు చుడుతూనే ఉంది. కుడిచేతి చూపుడువేలికి గోరు సరిగా రాలేదు, పెన్ను మధ్యవేలితో పట్టుకుంటోంది. ఆ కర్మాగారం చలానాలో ఆమె పేరు ఎదుట ఎన్ని రోజులు పడుతున్నాయో కూతురి ఫోనులో చూడమని చెప్పాను. ప్రతి నెలా 15వ తేదీలోపు చలానా కట్టాలి. ఈ నెల 16న నేను ఆమెకు ఫోను చేసి అడుగుతాను.

ఇట్లు,
రొయ్యల కర్మాగారంలో పదకొండేళ్లు టైమ్ కీపర్‌గా పనిచేసిన ఒక వ్యక్తి,
నెల్లూరు జిల్లా